ఇంజన్ ఆయిల్‌కు మాన్యువల్‌ల 0డబ్ల్యూ-20, మెకానిక్ 20డబ్ల్యూ-50 అంటున్నడు. ఏది పోయించాలె?

ఉప్పల్_బండి:
2019 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజన్, 68 వేలు తిరిగింది. "హైదరాబాద్ ఎండలకు అంత పల్చని ఆయిల్ ఆగదు" అని మెకానిక్ పట్టు. రోజూ హైటెక్ సిటీ దాకా, మొత్తం ట్రాఫిక్కే.

డిప్‌స్టిక్:
అన్నా, మాన్యువల్‌లో ఉన్నదే పోయించండి. బయట 42 డిగ్రీలున్నా 15 ఉన్నా, వేడెక్కిన ఇంజన్‌లో కూలెంట్‌ని థర్మోస్టాట్ 90 అటూఇటూ పట్టి ఉంచుతుంది. ఆయిల్ రెండో అంకెను (0డబ్ల్యూ-20లో ఆ 20ని) కొలిచేది 100 డిగ్రీల దగ్గర. ఆ వేడిలో 20 గ్రేడ్ చిక్కదనం 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్, 50 గ్రేడ్‌ది 16.3 నుంచి 21.9. రెట్టింపు కంటే ఎక్కువే! బేరింగుల సందులు, పంపు పల్చని ఆయిల్‌కు లెక్కగట్టి చేసినవి. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే వీవీటీ నడిచేదే ఆయిల్ ప్రెషర్‌తో. చిక్కటిది పోస్తే మందగిస్తుంది, చెక్ ఇంజన్ లైటూ వెలగొచ్చు. మైలేజీ తగ్గడం సరేసరి.

ఆయిల్ నిజంగానే తాగుతోందా? ముందు ఇంజన్ లోపలి ఆవిర్లను బయటికి లాగే పీసీవీ వాల్వ్ చూపించండి. ఆ తర్వాతే 5డబ్ల్యూ-30, అదీ మాన్యువల్ పట్టికలో ఉంటే.

రాణీగంజ్_స్పేర్స్:
గ్రేడ్‌తో పాటు డబ్బా వెనక ఆయిల్ నాణ్యత స్థాయి చెప్పే ఏపీఐ గుర్తు చూడాలి. ఎస్‌ఎన్ స్థాయి అడిగిన పెట్రోల్ బండికి 2020లో వచ్చిన కొత్త స్థాయి ఎస్‌పీ నిశ్చింతగా పోయొచ్చు. టర్బో పెట్రోల్ అయితే ఎస్‌పీయే మేలు: తక్కువ ఆర్‌పీఎంలో గట్టిగా తొక్కితే ఇంధనం ముందే అంటుకుని పిస్టన్ పగలగొట్టే జబ్బుకు అందులో పరీక్ష ఉంది. పొగలో మసి పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉన్న బీఎస్6 డీజిల్‌కి మాన్యువల్ చెప్పిన తక్కువ బూడిద ఆయిలే, యూరప్ గ్రేడ్‌లైన సీ2, సీ3 లాంటివి. ఫిల్టర్‌లో మసి కాలిపోతుంది, బూడిద కాలదు. బైక్ ఆయిల్ కారులో పోసేవాళ్లకు దండం.

ఉప్పల్_బండి:
సమజైంది. ఇంజన్ లోపల కడిగే ఫ్లష్ కొట్టియ్యాలె అంటున్నరు, అవసరమా? ఎన్ని వేలకు మార్చాలె?

డిప్‌స్టిక్:
ఫ్లష్ వద్దు. పాత బురద ఒక్కసారి ఊడొచ్చి ఆయిల్ పీల్చే జాలికి (స్ట్రైనర్) అడ్డం పడితే ప్రెషర్ పడిపోతుంది. మీటర్ 10 వేలు చూపించినా సిగ్నళ్ల దగ్గర ఇంజన్ తిరిగిన గంటలు అందులో కనపడవు. మీ వాడకానికి ఏడాది లేదా 7 - 8 వేలు, ఏది ముందైతే అది. ఫిల్టర్ ప్రతిసారీ కొత్తది, దాని రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగించాలి. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా కొత్తదే, పాతది కారుతుంది.

కొలత మాన్యువల్‌లో ఫిల్టర్‌తో కలిపి ఉంటుంది. అర లీటరు తక్కువ పోయించి, ఇంజన్ ఒక నిమిషం తిప్పి ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తూ నింపించండి. పై గీత దాటనివ్వొద్దు: క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు. డబ్బా సీల్ మీ ఎదురుగానే తీయమనండి.