గురుగ్రహం కనపడలేదు, కనపడిందని చెప్పి వచ్చేశాం

పెరంబూరు_పద్మ:

అందరికీ నమస్కారం. అడగడానికి సిగ్గుగానే ఉంది, అయినా అడుగుతున్నా.

మొన్న శనివారం మద్రాసు బీసెంట్ నగర్ బీచ్‌లో ఒక ఖగోళ క్లబ్బువాళ్లు టెలిస్కోపులో గ్రహాలు చూపిస్తున్నారంటే నాన్నని తీసుకుని వెళ్లాను. నాన్నకి 78. ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. నా చిన్నప్పుడు నెల్లూరు దగ్గర మా ఊళ్లో, వాకిట్లో నులకమంచం మీద పడుకోబెట్టుకుని గొల్లకావిడీ పిల్లలకోడీ చూపించింది ఆయనే. పెరంబూరు నుంచి 29సి బస్సు ఎక్కి, ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని, చేతికర్ర పట్టుకుని ఇసకలో నడిచి వచ్చాడు పాపం.

ముందు ఒక ఉపన్యాసం పెట్టారు. బ్లాక్ హోల్స్ మీద, ఇంగ్లీషులో, నలభై నిమిషాలు. సముద్రపు గాలికి తెర పటపటా కొట్టుకుంటుంటే అందులో బొమ్మలు కూడా ఊగాయి. నాన్న కదలకుండా కూర్చున్నాడు. తర్వాత లైను. లైనంటే మామూలు లైను కాదు, రేషన్ షాపు లైను.

మా వంతు వచ్చేసరికి అక్కడున్న అబ్బాయి "జూపిటర్, చూడండి" అన్నాడు. నాన్న వంగాడు, ఐదు సెకన్లు. "కనపడిందా తాతా?" అంటే తల ఊపాడు. తర్వాత నేను వంగాను. నల్లగా ఉంది. నా కనురెప్పల వెంట్రుకలు మాత్రం బాగా కనపడ్డాయి. వెనక ఒకావిడ పిల్లాణ్ణి ఎత్తుకుని నా భుజం మీదకే వచ్చేస్తోంది. "సూపర్" అనేసి పక్కకి తప్పుకున్నా.

బస్సులో అడయారు దాటాక అడిగాను, "నాన్నా, నీకు ఏం కనపడింది?" అని. కాసేపు కిటికీలోంచి చూసి, "నీకేం కనపడింది?" అన్నాడు. ఇద్దరికీ విషయం అర్థమైపోయింది. కండక్టరు తిరిగి చూసేంత నవ్వాం.

ఇప్పుడు నా ప్రశ్న. లోపం మా కళ్లదా, టెలిస్కోపుదా? నాన్నకి రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, నాకు అద్దాలున్నాయి. రెండు వారాల్లో మళ్లీ పెడతారట. వెళ్లమంటారా? నవ్వొద్దు.

—

టీనగర్_సుబ్బు:

పద్మక్కా, నవ్వొద్దన్నారు గానీ నాది వినండి.

నా పెళ్లి కార్తీక మాసంలో, తిరుత్తణి దగ్గర ఒక సత్రంలో అయింది. రాత్రి తొమ్మిదింటికి పంతులుగారు మమ్మల్ని బయటికి నడిపించుకొచ్చి, మామిడిచెట్టు మీదుగా వేలు చూపించి "అదుగో అరుంధతి" అన్నారు. నేను కనపడిందన్నా. మా ఆవిడా కనపడిందంది. ఫొటోగ్రాఫరు మా చేత ఇంకోసారి చూపు పైకెత్తించి ఫొటో తీసుకున్నాడు.

ఎనిమిదేళ్ల తర్వాత ఫోన్లో ఆకాశం యాప్ వేసుకుని, తేదీ వెనక్కి తిప్పి చూశా. ఆ రాత్రి ఆ టైముకి మన దగ్గర అరుంధతి ఉండే గుంపు, సప్తర్షులు ఏడుగురూ నేల కిందే ఉన్నారు. తెల్లవారుజాముకి గానీ రారు. మా ఆవిడకి చూపిస్తే "నాకు అప్పుడే తెలుసు" అంది.

కాబట్టి కనపడకపోయినా కనపడిందనడం మన ఆచారంలోనే ఉంది.

—

డాబా_దుర్భిణి:

సుబ్బుగారూ, మీ కథ మా వాలంటీర్లందరికీ చెప్తాను.

పద్మగారూ, మీ కళ్లకేమీ కాలేదు. నేను ఉద్యోగరీత్యా బ్యాంకు, శనివారం రాత్రుళ్లు మాత్రం ఇదే పని, తొమ్మిదేళ్లుగా. మీరు చూసిన టెలిస్కోపు కింద గిరగిరా తిరిగే పెట్టె మీద కూర్చున్న లావుపాటి గొట్టమే అయ్యుంటుంది. దాన్ని డాబ్సోనియన్ అంటారు. జాన్ డాబ్సన్ అనే ఆయన పేరు. మొదట శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా ఉండేవాడు. బయటికొచ్చాక 1968 నుంచి పేవ్‌మెంట్ల మీద టెలిస్కోపు పెట్టి, దారినపోయేవాళ్లని పిలిచి మరీ ఆకాశం చూపించాడు. చవగ్గా ప్లైవుడ్డుతో చేసుకోవచ్చు కాబట్టి లోకమంతా అదే పట్టుకుంది. నాదీ అదే, ఎనిమిదంగుళాల అద్దం.

దానితో తంటా ఏంటంటే మోటారు ఉండదు. భూమి తిరుగుతూనే ఉంటుంది కదా. నూటయాభై రెట్లు పెద్దది చేసి చూస్తే కనపడే ఆకాశం ముక్క చాలా చిన్నది. గురుడు అందులో ఈ అంచు నుంచి ఆ అంచుకి నిమిషంన్నర లోపలే దాటిపోతాడు. ఈలోగా ఎవరో గొట్టం పట్టుకుని బ్యాలెన్స్ చేసుకుంటారు. మనుషులకి వంగితే ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తుంది, సహజం. అంతే, గురుడు ఔట్. మీ ముందున్న ముగ్గురి తర్వాత అందులో అసలు ఏమీ లేకపోవడమే ఎక్కువ సాధ్యం. మీరిద్దరూ చూసింది నిజంగానే ఖాళీ ఆకాశం.

ఇక్కడే మీమీద కొంచెం కోపం. మీరు "సూపర్" అన్నారు, ఆ అబ్బాయి నమ్మాడు. మీ వెనకావిడా, ఆ పిల్లాడూ, వాళ్ల వెనక ఇంకో పదిమందీ ఆ ఖాళీనే చూసి సూపర్ అని వెళ్లుంటారు. మేము గొట్టానికి ఇవతల నిలబడతాం, లోపలేముందో మాకు కనపడదు. మాకు కళ్లు మీరే.

మీకన్నా ఎక్కువ తప్పు మాదేలెండి. నా సంగతి చెప్తా. నాలుగైదేళ్ల కిందట అదే బీచ్‌లో చంద్రుడు లేని రాత్రి, శనిగ్రహం పెట్టాను. లైను బాగా సాగుతోంది, అందరూ ఆహా అంటున్నారు, నేనూ ఉత్సాహంగా ఉపన్యాసం దంచుతున్నా. ఒక అరగంటయ్యాక పక్కనున్న ఊరూర్ కుప్పం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, చేపలుపట్టే మనిషి. కన్ను పెట్టి, తీసి, "ఇంగ ఒణ్ణుమే ఇల్ల సార్" అన్నాడు, ఇక్కడ ఏమీ లేదని. తర్వాత వేలెత్తి, నా గొట్టం చూస్తున్న చోటికి జానెడు పక్కన శనిని చూపించాడు. నేను చూస్తే లోపల చీకటి. ఎవరో ఎప్పుడో కాలు తగిలించారు. ముప్పైమందికి పైగా ఏమీ లేని చోట శనివలయాలు చూసి వెళ్లిపోయారు!

ఆ రాత్రి నుంచి నేను "కనపడిందా" అని అడగడం మానేశా. ఆ మాటకి జవాబు ఔననే వస్తుంది, మర్యాదస్తులు కదా. "గుండ్రటి చుక్క పక్కన చిన్న చుక్కలు ఎన్నున్నాయి? ఏ వైపు?" అని అడుగుతా. గురుడి చుట్టూ తిరిగే నాలుగు పెద్ద చందమామలు అవి, 1610లో గెలీలియో చూసినవే. ఎవరైనా "ఆ... చాలా ఉన్నాయండీ" అన్నారంటే గురుడు దాటిపోయాడని నాకు తెలుస్తుంది.

ఇక మీకు పనికొచ్చేవి. నాన్నగారికి ఆపరేషన్ అయిన కళ్లు కాబట్టి బెంగలేదు, లోపలి లెన్సు ఇంకా తేట. మీ అద్దాలు మామూలు దూరపు చూపువో దగ్గర చూపువో అయితే తీసేయండి, ఫోకస్ తిప్పితే సరిపోతుంది. సిలిండర్ పవర్ ఎక్కువుంటే మాత్రం ఉంచుకోండి. కనురెప్పల వెంట్రుకలు కనపడ్డాయంటే కన్ను మరీ దగ్గర పెట్టి, పక్కకి జరిగారన్నమాట. ఒక అంగుళం దూరం నుంచి వెలుగున్న చుక్కని వెతుక్కుంటూ మెల్లగా దగ్గరికి రండి. రెండో కన్ను గట్టిగా మూయకండి, చేత్తో కప్పుకోండి. గట్టిగా మూస్తే చూసే కన్ను కూడా ముడుచుకుంటుంది. ఊపిరి ఐపీస్ మీదకి, అంటే కన్ను పెట్టే చోటి అద్దం మీదకి వదలకండి, మద్రాసు ఉక్కలో అది ఇట్టే చెమర్చుతుంది. గొట్టం మీదున్న చిన్న గొట్టంలో చూడకండి, అది మేము గురి చూసుకోడానికి. దాంట్లోనే చూసి థాంక్స్ చెప్పి వెళ్లేవాళ్లు ప్రతి వారం ఒకరిద్దరు తగుల్తారు.

చిన్నగా ఉంటుందని కూడా ముందే తెలుసుకుని రండి. పత్రికల్లో బొమ్మలు చూసి రావడం వల్ల సగంమంది కళ్ల ముందున్నదాన్ని గుర్తుపట్టరు. నిజానికి నలభయ్యైదు రెట్లు పెద్దది చేస్తే చాలు, గురుడు మామూలు కంటికి చందమామ ఎంతుంటాడో అంతుంటాడు. ఎవరూ నమ్మరు. నల్లటి పెద్ద గుండ్రం మధ్యలో ఉంటాడు కాబట్టి బఠాణీగింజలా అనిపిస్తాడు. చారలు రెండు కనపడాలంటే పది సెకన్లైనా నిలకడగా చూడాలి. గాలి కదలక నిలిచిన క్షణంలో తేలతాయి.

అన్నట్టు చంద్రుణ్ణి చూడాలనుకుంటే పౌర్ణమికి రాకండి. అందరూ ఆ రోజే ఫోన్ చేస్తారు. ఎదురుగా ఎండ పడుతుంటుంది, నీడలుండవు, సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. శుక్ల సప్తమి, అష్టమి రోజుల్లో రండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల్లో నీడలు పడి ఒక్కొక్కటీ తవ్వినట్టు కనపడుతుంది. అమెరికావాళ్ల జెండా కనపడుతుందా అని మాత్రం అడక్కండి. మా టెలిస్కోపుల్లో అక్కడ ఒకటిన్నర, రెండు కిలోమీటర్లకన్నా చిన్న గుంట కూడా ఆనదు.

—

వేళచ్చేరి_వినయ్:

ఈ కష్టమంతా ఎందుకండీ? ఇప్పుడు కెమెరా ఉన్న టెలిస్కోపులు వచ్చాయి, అదే వెతుక్కుంటుంది, ట్యాబ్‌లో బొమ్మ వస్తుంది. వందమంది ఒకేసారి చూడొచ్చు. తాతగారు వంగే పని లేదు. మా ఆఫీసులో ఒకతను తెచ్చాడు, ఒరాయన్ నక్షత్రాల గుంపులో ఉన్న నెబ్యులా, అదే వాయువుల మేఘం, గులాబీరంగులో వచ్చింది.

—

డాబా_దుర్భిణి:

వంగలేనివాళ్లకి మంచిదే, కాదనను. అదే నెబ్యులాని మా గొట్టంలో చూస్తే బూడిదరంగు పొగలా ఉంటుంది. అంత మసక వెలుగులో మన కంటికి రంగులు తెలియవు. అయినా 29సిలో గంటన్నర కూర్చుని వచ్చిన మనిషి మళ్లీ స్క్రీనే చూడాలంటే ఇంట్లో టీవీ ఉందిగా.

—

మాష్టారు_రిటైర్డ్:

అమ్మా పద్మా, ఆ ఉపన్యాసం గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను మాట్లాడతాను.

లైనులో నిలబడబోయే జనానికి బ్లాక్ హోల్స్ చెప్పి ఏం లాభం? ఆ రాత్రి గొట్టంలో కనపడబోయేది చెప్పాలి. ఎంత సైజులో ఉంటుందో పలకమీద గీసి చూపించాలి, అదీ వచ్చినవాళ్ల భాషలో. ఇది కొత్త ఆలోచనేం కాదు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోయే ముందు మామూలు జనానికి అర్థమయ్యేలా చిన్న పుస్తకం రాసి, దేశభాషల్లో వేయించాడు. చూడబోయేదేమిటో ముందు చెప్పడమంటే అదీ.

తెలుగులో ఎవరడుగుతారులే అనుకుంటున్నారేమో. నుంగంబాక్కంలో, ఇప్పుడు వాతావరణ కార్యాలయం ఉన్న ఆవరణలో, ఆ పాత అబ్జర్వేటరీ రాతిస్తంభం ఇంకా ఉంది, 1792 నాటిది. దానిమీద తమిళంతో పాటు తెలుగులోనూ చెక్కారు. తర్వాత విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావు ఈ అబ్జర్వేటరీకే వచ్చి, టేలర్ అనే దొర దగ్గర ఖగోళం నేర్చుకుని, తిరిగెళ్లి డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల కట్టుకున్నాడు. మనవాళ్లు ఈ ఊళ్లో ఆకాశం చూడ్డం మొదలుపెట్టి రెండువందల ఏళ్లు కావస్తోంది. ఒక అరగంట తెలుగు ఉపన్యాసం అడిగితే తప్పులేదు. ఎవరూ దొరక్కపోతే నన్ను పిలవమను, సుద్దముక్క నేనే తెచ్చుకుంటా.

—

పెరంబూరు_పద్మ:

అందరికీ థాంక్స్. నిన్న వెళ్లొచ్చాం, అది చెప్పాలని.

ఈసారి ఉపన్యాసం అయ్యే టైముకి చేరుకునేలా బయల్దేరాం (మాష్టారూ, క్షమించండి, మీ మాట వాళ్లకి చేరవేశాను, ఫోన్ నంబరు అడిగారు). లైనులో మా వంతు రాగానే నాన్న కన్ను పెట్టకముందే చెప్పేశాను, పోయినసారి మాకేమీ కనపడలేదు, అబద్ధం చెప్పి వెళ్లాం అని. ఆ అబ్బాయి ముఖం ఎర్రబడింది. వెంటనే తను వంగి చూసి, "అయ్యో, ఇప్పుడు కూడా లేదు" అన్నాడు. మా ముందు కనీసం ఐదుగురు చూసి వెళ్లారు! వాళ్లని కేకేసి వెనక్కి పిలిచాడు, ఇద్దరే వచ్చారు.

నాన్నకి ఒక ప్లాస్టిక్ స్టూలు వేశారు. దుర్భిణిగారు చెప్పినట్టే దూరం నుంచి మెల్లగా దగ్గరికెళ్లమని నేను చెప్పబోతే నాన్న విసుక్కున్నాడు. "ముప్పయ్యేళ్లు నల్లద్దంలోంచి చూశాను, కన్ను నిలబెట్టడం నాకు నేర్పొద్దు. ఎక్కడ పెట్టాలో చెప్పు చాలు." పెట్టాక మాట్లాడలేదు. నేను వెనక లైను చూసి కంగారుపడుతున్నా. అప్పుడన్నాడు, "ఎడంపక్క ఒకటి, కుడిపక్క రెండు. కుడిపక్కవి రెండూ ఒకే గీతలో లేవు, ఒకటి కాస్త కిందకి."

తర్వాత నేను చూశాను. సరిగ్గా అంతే. చారలు రెండు కనపడ్డాయని రాయాలనుంది గానీ ఒకటే కనపడింది.

నాన్న లేచి, నాలుగు ఉంటాయన్నారుగా, నాలుగోదేది అన్నాడు. ఆ అబ్బాయి ఫోన్లో చూసి, అది గురుడి వెనక ఉంది తాతా, తొమ్మిదింబావుకి బయటికొస్తుంది అన్నాడు. అప్పటికి ఎనిమిది దాటింది. బస్సు దొరకదు, మోకాళ్లు పట్టేస్తాయి, పద అన్నాను. ఆయన ఇసకలో కర్ర గుచ్చి, స్టూలు మీద మళ్లీ కూర్చున్నాడు.

అక్కడే సుండల్ గుగ్గిళ్లు కొనుక్కుని తిని, చూసే వచ్చాం. పెరంబూరుకి ఆటోవాడు ఎంత తీసుకున్నాడో ఇక్కడ రాయను, మా ఆయన కూడా ఇది చదువుతాడు.