విజిటర్ వీసా రిఫ్యూజ్ అయితే అప్పీల్ హక్కు ఉండాలా, వద్దా?

లీడ్స్ నర్సు:
నా కాన్పుకు అమ్మానాన్నలు బ్రిటన్ రావాలని విజిటర్ వీసాకు అప్లై చేశారు. నాన్న రిటైర్డ్ టీచర్. నెలనెలా పెన్షన్ వస్తుంది, తెనాలిలో సొంత ఇల్లుంది. అయినా తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదని రిఫ్యూజ్ చేశారు. ఎఫ్‌డీ మెచ్యూరై ఖాతాలో పడిన డబ్బు ఎక్కడిదో తెలియడం లేదట. ఒక్క మాట అడిగి ఉంటే రసీదు పంపేవాళ్లం. ఫీజు (2025 ఏప్రిల్‌లో మనిషికి 127 పౌండ్లు ఉండేది) తిరిగి రాదు. కుటుంబాన్ని చూడటానికి వచ్చేవాళ్లకు 2013 జూన్ 25 వరకు పూర్తి అప్పీల్ హక్కు ఉండేది. దాన్ని మళ్లీ ఇవ్వాలంటాను. మీరేమంటారు?

మాంచెస్టర్ పాతకాపు:
చెల్లెమ్మా, ఇలాంటి సమయంలో అమ్మ దగ్గర లేకపోతే ఎంత కష్టమో తెలుసు. కానీ అప్పీల్ ఉన్న రోజులు నేను చూశాను. మా అత్తగారు అప్పీల్ గెలిచేసరికి మా పాప అన్నప్రాసన కూడా అయిపోయింది. అప్పీల్‌కు ఎనిమిది నెలల దాకా పట్టొచ్చు, మళ్లీ అప్లై చేస్తే మూడు వారాల్లో తేలుతుంది అని ప్రభుత్వం కూడా అప్పుడు చెప్పింది. మొదటే పెట్టాల్సిన కాగితాలు చాలామంది అప్పీల్‌లో పెట్టేవారు. ఆ అప్పీళ్లు వినే ట్రిబ్యునళ్ల ఖర్చు పన్నులు కట్టే మనదే. అయినా చుట్టపుచూపుగా ఒక దేశానికి రావడం హక్కెలా అవుతుంది?

లీడ్స్ నర్సు:
అన్నయ్యా, నాతో పనిచేసే ఒకావిడ భర్త ఫైర్‌ఫైటర్. 1992 నాటి పాత పెన్షన్ స్కీములో 25 ఏళ్ల సర్వీసు ఉంటే 50 ఏళ్లకే రిటైర్ కావచ్చు. 2015లో ప్రభుత్వం కొత్త స్కీము తెచ్చి ఆ వయసును 60 చేసింది. వయసులో పెద్దవాళ్లను పాతదాంట్లోనే ఉంచి, చిన్నవాళ్లను కొత్తదాంట్లోకి మార్చింది. వాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఇది వయసును బట్టి చూపిన వివక్షేనని 2018 డిసెంబరులో అప్పీల్ కోర్టు చెప్పింది. ప్రభుత్వం తప్పు చేసిందని తేలింది ఎలా? అడగడానికి వాళ్లకొక చోటు ఉంది కాబట్టే. మా నాన్నకు ఆ చోటే లేదు.

ఖమ్మం నాన్న:
అమ్మా, మాకూ ఇదే జరిగింది. డబ్బు పోతే పోయింది. ఆ తర్వాత పెద్దబ్బాయి దగ్గరికి వెళ్దామని కెనడా ఫారం నింపుతుంటే, ఎక్కడైనా వీసా రిఫ్యూజ్ అయిందా అని అడిగారు. అవునని రాయాలి. ఏ తప్పూ చేయకుండా ఆ మాట రాయడం ఈ వయసులో చాలా బాధగా అనిపించింది.

లండన్ లా స్టూడెంట్:
నర్సు గారి పోలికలో ఒక తేడా ఉంది. ఫైర్‌ఫైటర్లు ఉద్యోగులు, వాళ్ల జీతంలోంచి కోసుకున్న సొమ్ము అది. పూర్తిగా గెలిచారని కూడా అనలేం. 2015 నుంచి 2022 మార్చి వరకు జరిగిన సర్వీసుకు ఏ స్కీము లెక్క కావాలో ఎంచుకోమన్నారు, అది కూడా 2023 అక్టోబరులో. 2022 ఏప్రిల్ నుంచి అందరూ కొత్త స్కీములోనే ఉన్నారు.

వీసా విషయంలో అసలు దారే లేదనలేం. మానవ హక్కుల కారణంతో అప్పీల్ ఉంది కానీ, చుట్టపుచూపు కేసుల్లో అది నిలబడటం కష్టం. జుడిషియల్ రివ్యూకు, అంటే ఆ నిర్ణయం చట్టప్రకారమేనా అని జడ్జిని అడగడానికి వెళ్తే వేల పౌండ్లు అవుతాయి. అయితే కోర్టు భయం పనిచేస్తుందన్నది నిజం. దరఖాస్తుదారు దేశాన్ని కూడా లెక్కలోకి తీసుకుని వీసా దరఖాస్తులకు ఎరుపు (రిస్కు ఎక్కువ), పసుపు, ఆకుపచ్చ (రిస్కు తక్కువ) రంగులు కేటాయించే కంప్యూటర్ పద్ధతి ఒకటి ఉండేది. కోర్టులో కేసు పడ్డాకే, 2020 ఆగస్టులో దాన్ని ఆపారు.

నా ఉద్దేశంలో పూర్తి అప్పీల్ అక్కర్లేదు. కొన్ని వర్క్ వీసాలకు అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ఉంది, అంటే ఇంకో ఆఫీసరు అదే ఫైలును మళ్లీ చూస్తారు. విజిటర్లకు అదీ లేదు. కనీసం అది ఇవ్వాలి.

మాంచెస్టర్ పాతకాపు:
దానికి ఫీజు పెట్టి, కొత్త కాగితాలు తీసుకోకూడదంటే నేనూ ఒప్పుకుంటాను. లేకపోతే పాత కథే మళ్లీ మొదలవుతుంది.

లీడ్స్ నర్సు:
కొత్త కాగితాలు వద్దంటే మా నాన్న ఎఫ్‌డీ రసీదు ఎవరు చూస్తారు? అది ఆ ఫైల్లో లేదు, పెట్టాలని మాకు తట్టలేదు. రెండో ఆఫీసరు చూసినా అదే జవాబు వస్తుంది. మీరిద్దరూ చెప్పింది చదివాక నా మాట మార్చుకుంటున్నాను. రిఫ్యూజ్ చేసే ముందే సందేహం ఏమిటో ఈమెయిల్‌లో రాసి, పది రోజులు గడువిస్తే చాలు. ట్రిబ్యునల్ ఖర్చు లేదు, నెలల ఆలస్యం లేదు. మా ఎంపీకి ఇదే రాస్తున్నాను. ఈలోగా రసీదు, బ్యాంకు లెటర్ జతచేసి సోమవారం మళ్లీ అప్లై చేస్తున్నాం. నాకిప్పుడు ఏడో నెల.