దసరా బట్టలు, ఇంటి సామాను: దుకాణంలో ఉద్దెర మేలా, ఈఎంఐ మేలా?

మిల్లుకాలనీ_బిడ్డ:
సద్దుల బతుకమ్మ దగ్గర పడుతోంది. చిన్న ఆడబిడ్డకు ఒడిబియ్యం పొయ్యాలి, పిల్లలకు బట్టలు తియ్యాలి, ఇదే టైంకు ఫ్రిజ్ కూడా పాడైంది. మా ఆయన అన్నీ తెలిసిన దుకాణాల్లోనే ఉద్దెర తెద్దాం అంటున్నాడు. ఫ్రిజ్ హన్మకొండ షోరూంలో జీరో వడ్డీ ఈఎంఐ మీద తీసుకుని, చేతిలో ఉన్న పైసలతో బట్టలు కొందామని నేను. ఇద్దరి సంపాదన కలిపినా నెలకు ముప్పై వేలు దాటదు. ఏం చెయ్యమంటారు?

లెక్క_అడుగు:
ముందు ఆ ఫ్రిజ్ రొక్కానికి ఎంతకిస్తారో అడిగారా? మొన్న మా బావమరిది వెంట వెళ్లాను. ఈఎంఐ మీద 24,000, అదే రొక్కానికైతే 22,500. నెలకు 3,000 చొప్పున ఎనిమిది వాయిదాలు, అందులో రెండు ముందే కట్టాలి, పైన ఫైలు చార్జీ 600. అంటే మొదటిరోజే 6,600 పోయింది. 22,500 వస్తువుకు వాళ్లు నిజంగా ఇచ్చిన అప్పు 15,900. దానికి ఆరు నెలల్లో 18,000 కట్టాలి. నెల నెలా తగ్గే అసలు మీద లెక్క వేస్తే నెలకు నూటికి మూడున్నర రూపాయలు దాటుతుంది. ఊర్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చినా ఇంతకంటే నయం. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు సర్క్యులర్ ఇచ్చింది.

షోరూం_తమ్ముడు:
అన్నా, డిస్కౌంట్ వేరు, వడ్డీ వేరు. రొక్కానికి తగ్గించడం షాపు ఇష్టం. ఫైనాన్స్ వాళ్ల కాగితంలో వడ్డీ సున్నా అనే ఉంటుంది.

లెక్క_అడుగు:
కాగితంలో ఏముందని కాదు, జేబులోంచి ఎంత పోయిందని అడుగుతున్నా. 2024 అక్టోబరు 1 నుంచి అప్పు మొత్తం ఖర్చు, ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక కాగితం మీద, తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. ఫైలు చార్జీ అందులో కనిపిస్తుంది. రొక్కం వాళ్లకు తగ్గించిన 1,500 అందులో ఉండదు, దాన్ని మనమే అడగాలి.

షోరూం_తమ్ముడు:
అదే అంటున్నా, అది వడ్డీ కాదు కాబట్టే అందులో ఉండదు.

కాశిబుగ్గ_అక్క:
చిట్టీ ఉంటే పాడుకో చెల్లె. మా వాడకట్టులో అందరం అంతే.

బట్టల_దుకాణం_వరంగల్:
ఇరవై ఏళ్లకు పైగా బట్టల దుకాణం నడుపుతున్నా. ఈ లెక్కల సార్లు ఉద్దెర గురించి ఒక్క ముక్క మాట్లాడరు. నేను ఆధార్ అడగను, ఫోటో తియ్యను, సిబిల్ చూడను. నా ఖాతా పుస్తకంలో సగం మందికి పేర్లే ఉండవు. ‘లష్కర్ బజార్ ఆటో’, ‘బీడీల అక్క’, ‘పాల మల్లన్న కోడలు’ అని రాసుకుంటా. సూరత్ సరుకుకు నేను గడువులోపు కట్టాల్సిందే, నాకు రావాల్సింది మాత్రం పత్తి అమ్మినాక కొంత, సంక్రాంతికి కొంత వస్తుంది. ఒక్క రూపాయి వడ్డీ తీసుకోను. ఇంతా చేస్తే, నా దగ్గర ఎనిమిది వేలు బాకీ పెట్టినవాళ్లు రొక్కం చేతికి రాగానే మాల్‌కు పోయి, అక్కడి కవరు పట్టుకుని నా దుకాణం ముందు నుంచే నడిచిపోతారు.

లెక్క_అడుగు:
సేటూ, ఒక్క మాట చెప్పండి. ఉద్దెరలో 900 రాసే చీర రొక్కానికి ఎంతకిస్తారు?

బట్టల_దుకాణం_వరంగల్:
ప్రతి చీరకు ఒకటే ధర ఉండదు.

లెక్క_అడుగు:
నేను అడిగింది ఒక్క చీర గురించే.

బట్టల_దుకాణం_వరంగల్:
బేరమాడితే 780కి, 750కి ఇస్తా. దాచేదేముంది? ఏడాదికి పది మంది ఎగ్గొడతారు, అది ఎవరి నెత్తిన వేసుకోవాలి? మీరు ఇంటికొచ్చి కడతారా?

ఖని_కాంట్రాక్టు:
మీరంతా ఏది మంచిదని కొట్లాడుతున్నారు. మాకు ఎంచుకునే వీలే లేదు. సింగరేణిలో పర్మినెంటు వాళ్లకు దసరా ముందు లాభాల వాటా పడుతుంది, షోరూం వాళ్లు పిలిచి మరీ ఇస్తారు. మాలాంటి కాంట్రాక్టు వాళ్లకు 2024లో మొదటిసారి 5,000 ఇచ్చారు. పే స్లిప్ సరిగ్గా లేదని నా ఫైలు వెనక్కి పంపారు. చివరికి ఏటీఎం కార్డు వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టి వాషింగ్ మిషన్ తెచ్చిన. జీతం పడ్డ రోజు ఆయనే డ్రా చేసుకుని, మిగిలింది నా చేతిలో పెడతాడు. ఇది ఉద్దెరనా, ఈఎంఐనా మీరే చెప్పండి.

బట్టల_దుకాణం_వరంగల్:
అందుకే అంటున్నా, కష్టం వస్తే ఆదుకునేది తెలిసిన దుకాణమే. ఈఎంఐ మీద ఫ్రిజ్ కొని గొప్పగా తిరిగేవాళ్లు ఉద్యోగం పోతే మళ్లీ మా గడపకే వస్తారు.

మిల్లుకాలనీ_బిడ్డ:
ఆ మాట మీరు అనొద్దు. మా బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో చేసేవాడు. జీతం వస్తున్నన్ని రోజులు దుకాణంవాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి బట్టలు చూపించేవాళ్లు. 2002లో మిల్లు మూతపడ్డాక, మేనత్త కూతురి పెళ్లి పందిట్లో, అందరి ముందు, మా అమ్మ కట్టుకున్న చీర చూపించి ‘ఇది ఇంకా నా పుస్తకంలోనే ఉంది’ అన్నాడు ఆ సేటు. అమ్మ ఆ చీర మళ్లీ కట్టలేదు. లెక్క అన్నా, మీ లెక్క నాకు అర్థమైంది. ఆ రెండు వేల వంద ఎక్కువ కట్టడానికే నేను సిద్ధం. నా ఇంట్లో ఫ్రిజ్‌కు ఎంత బాకీ ఉందో మా వాడకట్టులో ఎవరికీ తెలియకపోతే చాలు.

బట్టల_దుకాణం_వరంగల్:
ఆయన చేసింది ముమ్మాటికీ తప్పు, నేనెప్పుడూ ఎవర్నీ పది మందిలో అడగలేదు. కానీ చెల్లె, ఫైనాన్స్ వాళ్లు గౌరవం ఇస్తారని ఎవరు చెప్పారు? ఒక్క వాయిదా తప్పితే ఫోన్ల మీద ఫోన్లు. చుట్టాలకు కూడా చేస్తారు.

లెక్క_అడుగు:
చుట్టాలను, స్నేహితులను వేధించొద్దని, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యొద్దని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. చేస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దుకాణం మీద ఎవరికి ఇస్తారు సేటూ?

బట్టల_దుకాణం_వరంగల్:
దుకాణంలో అయితే నా మొహం మీదే అడగొచ్చు. కరోనా అప్పుడు ఎవరినీ ఒక్క రూపాయి అడగలేదు నేను. ఫైనాన్స్ వాళ్లు అట్ల ఆగుతారా?

మిల్లుకాలనీ_బిడ్డ:
మీరు ఆగారు, సంతోషం. కానీ ఆ ఆగడం మీ దయ మీద ఉంది. నాకు దయ వద్దు, తేదీ కావాలి. ఏ రోజు ఎంత కట్టాలో తెలిస్తే కట్టుకుంటా.

ఖని_కాంట్రాక్టు:
అక్కా, మీ మాట నిజం. అయితే ఆ తేదీ దగ్గరే జాగ్రత్త. ఖాతాలో పైసలు లేక వాయిదా వెనక్కి పోతే అటు ఫైనాన్స్ వాళ్లు, ఇటు బ్యాంకు ఇద్దరూ చార్జీ వేస్తారు. మా బామ్మర్దికి జీతం పదో తారీఖున, వాయిదా ఐదున. ప్రతి నెలా చార్జీ కట్టాడు. సంతకం పెట్టే ముందే తేదీ మార్పించుకోండి.

షోరూం_తమ్ముడు:
కొన్ని కంపెనీలు మారుస్తాయి, కొన్ని మార్చవు. ముందే అడగాలి అక్కా.

మిల్లుకాలనీ_బిడ్డ:
మా ఇద్దరికీ జీతాలు ఏడో తారీఖు దాటాకే. షోరూంలో వాయిదా ఐదున అన్నారు. రేపు పోయి రొక్కం ధర, ఆ ఖర్చు కాగితం, తేదీ మూడూ అడుగుతా. తేదీ మార్చకపోతే ఈ దసరాకు ఫ్రిజ్ రిపేరే చేయిస్తా. ఆడబిడ్డ చీర మాత్రం రొక్కం పెట్టే కొంటా, ఎవరి పుస్తకంలోనూ రాయించను.