రాఘవేంద్రరావు గారి సినిమాల్ని విమర్శకులు తీసిపారేశారు కదా, మరి జనం ఎందుకంత చూశారు?

కొత్తబస్తీ కుర్రాడు (ప్రశ్న):
నాకు ఇరవై ఆరేళ్ళు. 2025 మేలో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' మళ్ళీ రిలీజ్ చేస్తే హైదరాబాద్‌లో చూశాను. పక్క సీట్లో యాభై దాటిన ఆయన ప్రతి పాటకీ ముందే లేచి నిలబడ్డాడు. ఆ ఊపులో రాఘవేంద్రరావు గారి పాత సినిమాలు యూట్యూబ్‌లో వరసగా చూస్తున్నాను. 'అడవిరాముడు', 'వేటగాడు', 'దేవత', 'ఘరానా మొగుడు'. చాలావాటిలో కథ పల్చగా ఉంది. పళ్ళు, పూలు, బిందెలు, నడుము. సినిమా గురించి సీరియస్‌గా రాసేవాళ్ళెవరూ ఆయన్ని బాపు, విశ్వనాథ్‌ల పక్కన కూర్చోబెట్టరు. కానీ 2003లో 'గంగోత్రి'తో వంద సినిమాలు పూర్తిచేశారు. ఎవరో ఒకరు చూడకుండా అన్ని సినిమాలు తీయలేరు కదా! అప్పట్లో హాల్లో ఉన్నవాళ్ళు చెప్పండి. 'అప్పుడు వేరే కాలక్షేపం లేదు' అనే జవాబు మాత్రం వద్దు. అది అందరి సినిమాలకీ వర్తిస్తుంది.

బెజవాడ బాబాయ్:
ఇందులో ఆలోచించడానికేముంది తమ్ముడూ? ఎన్టీఆర్, కృష్ణ, శోభన్‌బాబు, చిరంజీవి. ఆ హీరోలుంటే ఎవరు తీసినా ఆడేవి.

పాత ఆపరేటర్:
హీరోల మాట సగమే నిజమండీ. 1996లో 'పెళ్ళిసందడి'కి ఏ పెద్ద హీరో ఉన్నాడు? శ్రీకాంత్ అప్పటికింకా పైకొస్తున్న కుర్రాడు. అయినా మా ఊళ్ళో ఆడవాళ్ళ క్యూ రోడ్డు మీదికొచ్చింది.

బాబూ, నేను పశ్చిమగోదావరిలో ఒక చిన్న ఊరి హాల్లో ఆపరేటర్‌గా చేశాను. అసిస్టెంటుగా చేరింది 'అడవిరాముడు' వచ్చిన ఏడాది, 1977లో. ఇప్పుడా హాలు కల్యాణమండపం అయిపోయింది, అది వేరే సంగతి.

మాకు ప్రింటు పెద్ద ఊళ్ళన్నీ తిరిగాక వచ్చేది. పెట్టె రాగానే రీళ్ళు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి అతుకులు, గీతలు చూసుకోవాలి. లేకపోతే ఆట మధ్యలో తెగుతుంది, నేల టికెట్టు వాళ్ళు మా వంశం మొత్తాన్నీ తలుచుకుంటారు. ఫైటింగ్ సినిమా అయితే ఆఖరి రీళ్ళు అరిగి వచ్చేవి. ఈయన సినిమా అయితే పాటలున్న రీళ్ళు. ప్రతి ఊళ్ళోనూ 'వన్స్ మోర్' అని అరిచారు, ప్రతి ఊళ్ళోనూ నాలాంటివాడు రీలు వెనక్కి చుట్టి మళ్ళీ వేశాడు. 'వేటగాడు'లో 'ఆకుచాటు పిందె తడిసె' వస్తే తెర మీద చిల్లర పడేది. ఆట అయ్యాక హాలు ఊడ్చేవాడికి పండగే.

ఇంకోటి. మిగతా సినిమాలకి పాట మొదలవగానే మగవాళ్ళు బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయేవాళ్ళు. ఈయన సినిమాకి కథ నడుస్తున్నప్పుడు పోయి, పాట వినపడగానే చేతిలో బీడీ పారేసి లోపలికి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. పత్రికల వాళ్ళు కథ చూసి రాశారు. రాసింది తప్పు కూడా కాదు. కాకపోతే టికెట్టు కొన్నవాడు అందుకోసం కొనలేదు.

పోనీ ఆ పాటలు ఎవరైనా తీసేయగలరా అంటే, 'దేవత' (1982) చూడు. 'వెల్లువొచ్చి గోదారమ్మ'కి గోదావరి ఇసకలో వరసలుగా బిందెలు పేర్పించారు. బిందెలేంటని నవ్వినవాళ్ళున్నారు. చక్రవర్తి గారి దరువు, వేటూరి గారి మాట, శోభన్‌బాబు అడుగు, బిందెల వరస, అన్నీ ఒకేసారి కదులుతాయి. గోదారి మేం రోజూ చూసేదే, అలా ఎప్పుడూ చూడలేదు. 2019లో 'గద్దలకొండ గణేష్'కి హరీష్ శంకర్ మళ్ళీ అదే పాట పెట్టుకున్నాడంటే ఊరికే కాదు.

కృష్ణలంక అమ్మాయి:
ఆపరేటర్ గారూ, మీరు జనం అన్నప్పుడల్లా నేల టికెట్టు మగవాళ్ళే కనిపిస్తున్నారండీ. మా అమ్మ, పిన్ని 'దేవత'కి వెళ్ళింది బిందెల కోసం కాదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకణ్ణే ఇష్టపడితే అక్క తన ఆశ చంపుకునే కథ కోసం వెళ్ళారు. కొంగులు తడుపుకుని ఇంటికొచ్చారు. అంటే కథ కోసం వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

ఇక పళ్ళ సంగతి. చిన్నప్పుడు పక్కన నాన్న ఉండగా టీవీలో ఆ పాటలొస్తే ఎటు చూడాలో తెలిసేది కాదు. హీరోయిన్ బొడ్డు మీద పళ్ళు దొర్లించడాన్ని తప్పుపట్టినవాళ్ళది పొగరు కాదు, న్యాయం. తాప్సీ మొదటి సినిమా ఈయన 'ఝుమ్మంది నాదం' (2010). తన బొడ్డు మీద కొబ్బరికాయ వేసిన సంగతి 2017లో ఒక కామెడీ షోలో సరదాగా చెప్తే, మనవాళ్ళు సారీ చెప్పేదాకా వదల్లేదు. ఇదే డైరెక్టర్ 1976లో 'జ్యోతి' లాంటి సీరియస్ సినిమా తీశారు. వేరేలా తీయడం చేతకాక కాదు మరి.

బోరివలి తెలుగోడు:
ముంబై నుంచి ఒక ముక్క. 'ఊరుకి మొనగాడు'ని ఆయనే 1983లో 'హిమ్మత్‌వాలా'గా తీస్తే ఇక్కడి చదువుకున్నవాళ్ళు ఆ బిందెల్నీ రంగుల్నీ వెక్కిరించారు. శ్రీదేవి హిందీలో స్టార్ అయింది మాత్రం ఆ సినిమాతోనే. మరుసటేడు 'దేవత'నే 'తోఫా' చేశారు, అదీ ఆడింది.

పాత ఆపరేటర్:
అమ్మా, కాదనను. మా ఆవిడ కూడా మీ మాటే అంటుంది. అయినా 'పెళ్ళిసందడి'కి నాకు చెప్పకుండా రెండోసారి వెళ్ళింది.

కుర్చీ క్లాసులో ఎవరున్నారో నా కిటికీలోంచి సరిగా కనపడేది కాదు, కానీ 'అన్నమయ్య' (1997) అప్పుడు కనపడింది. మొదటి వారం హాల్లో ఈగలు తోలుకున్నాం. ఈ పాటల డైరెక్టరు అన్నమయ్యని తీయడమేంటి, నాగార్జునకి ఆ మీసాలేంటి అని ఊళ్ళో ఒకటే వేళాకోళం. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళనించి ట్రాక్టర్లు కట్టుకొచ్చారు. కొంతమంది గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చేవాళ్ళు, వాటికి కాపలా మనిషిని పెట్టాం. కీరవాణి గారికి జాతీయ అవార్డొచ్చింది, మేధావులూ మెచ్చుకున్నారు. అందులోనూ ఫస్టాఫ్‌లో మరదళ్ళతో డ్యూయెట్లు ఉన్నాయి! పూలు చల్లే చెయ్యి అదే. ఈసారి దేవుడి మీద కూడా చల్లారు.

కొత్తబస్తీ కుర్రాడు:
థాంక్స్ తాతగారూ. మరి ఆడనివి? 'సుభాష్ చంద్రబోస్' (2005)లో వెంకటేష్ ఉన్నా పోయింది కదా.

పాత ఆపరేటర్:
పోయినవి బోలెడు. పాట పట్టుకోకపోతే ఈయన సినిమాలో కథ మీద పడాల్సి వస్తుంది బాబూ. అప్పుడు ఆ పత్రికల వాళ్ళు రాసిందంతా నిజమేననిపిస్తుంది.

ముందు 'జ్యోతి' చూడు, తర్వాత 'అల్లరి ప్రియుడు'. కథ పల్చగా ఉందంటున్నావు, యూట్యూబ్‌లో పాటలు దాటేసి చూస్తున్నావేమోనని నాకు అనుమానంగా ఉంది. ఆ పని చెయ్యకు.