చేత్తో కుట్టిన పర్సు మీద మన గుర్తు వేయాలా? వేస్తే ఎక్కడ, ఎలా?

గుంటూరు_కుట్టుపని

అందరికీ నమస్తే. ఇంట్లోనే తోలు పర్సులు, కార్డ్ హోల్డర్లు, అడపాదడపా బెల్టులు కుడతాను. మొదలుపెట్టి రెండేళ్లయింది. తోలు చెన్నై పెరియమేట్ నుంచి తెప్పిస్తాను, కొంత వెజ్ టాన్ (చెట్ల బెరడుతో పదును చేసింది), కొంత క్రోమ్ (క్రోమియం లవణాలతో పదును చేసింది). ఇప్పటిదాకా దేని మీదా నా పేరు లేదు, గుర్తూ లేదు.

పోయిన నెల ఒకాయన ఫోన్ చేసి "మీ దగ్గర కొన్న పర్సు కుట్లన్నీ ఊడిపోయాయి, ఇదేనా మీ పని" అని గట్టిగా తగులుకున్నారు. ఫొటో పంపమన్నాను. చూస్తే అది నాది కాదు! నేను వాడేది మైనం పట్టించిన లినెన్ దారం, చేతికుట్టు. అది మెషిన్ కుట్టు, నైలాన్ దారం. కానీ ఆయనకి అదంతా ఎలా చెప్తాం? నాది కాదని చూపించడానికి నా దగ్గర ఏముంది? చివరికి ఎవరో కుట్టిన పర్సుని నేను ఉచితంగా బాగుచేసి కొరియర్ ఖర్చు కూడా పెట్టుకుని పంపాను, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతున్నారు.

ఆ కోపంలో ఆన్‌లైన్లో ఒక ఇత్తడి అచ్చు తెప్పించాను, పేరు మొత్తం ఇంగ్లీషులో. పూర్తయిన పర్సు మీద పెట్టి సుత్తితో కొడితే వంకరగా పడింది. సరిగ్గా పడలేదని రెండో దెబ్బ వేస్తే అక్షరాలు జంటగా కనిపిస్తున్నాయి. ఇంకోటి క్రోమ్ తోలుది, దాని మీద బాగానే పడింది అనుకున్నా, తెల్లారి చూస్తే సగం మాయం.

మీరందరూ గుర్తు వేస్తున్నారా? బయటా, లోపలా? ఇంగ్లీషులో ఉంటే ఏదో షాపు సరుకు అనుకుంటారని మా అక్క అంటుంది, తెలుగులో ఉంటే బెంగళూరు వాళ్లకి ఏం అర్థమవుతుందని మా తమ్ముడు. నాకు బుర్ర పనిచేయడం లేదు.

బెల్ట్‌బాబాయ్

వెయ్యమ్మా, తప్పకుండా వెయ్యి. బయట మాత్రం వద్దు. చేత్తో చేసినది కావాలని మన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది పెద్ద పెద్ద లోగోలు చూసి విసిగిపోయి వచ్చినవాళ్లే. నేను బెల్టుకి లోపలి వైపు, బకిల్ దగ్గర మడత కింద వేస్తాను. కట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ కనపడదు, రిపేరుకి వచ్చినప్పుడు నాకు కనపడుతుంది. అంతే కావాల్సింది.

ఇంకోటి, పక్కనే రెండంకెల్లో సంవత్సరం కూడా కొట్టు. హార్డ్‌వేర్ షాపులో ఇనప నంబరు పంచ్‌ల సెట్టు దొరుకుతుంది. ఏ ఏడాది ఏ దారం వాడానో, ఏ లాటు తోలో దాన్నిబట్టి చెప్పేయొచ్చు. ఒక లాటు తోలు పగుళ్లిచ్చింది నాకు, అంకె ఉండబట్టి ఎవరెవరికి వెళ్లాయో పట్టుకుని నేనే ఫోన్ చేసి మార్చి ఇచ్చాను.

ఇత్తడి_అచ్చు

బాబాయ్ చెప్పిన సంవత్సరం ఐడియా బాగుంది కానీ తడి వెజ్ టాన్ మీద ఇనప పంచ్ వద్దు అక్కా. చెట్ల బెరడులోని టానిన్, ఇనుము, నీళ్లు కలిస్తే నల్లమచ్చ వస్తుంది, ఇక పోదు. కలంకారీ వాళ్లు గుడ్డని ముందు కరక్కాయలో ముంచి, తర్వాత ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్లతో గీస్తే నల్లటి గీత వస్తుందే, అదే సంగతి. వాళ్లకి అది కళ, మనకి దరిద్రం. మన వెజ్ టాన్‌కీ పూర్వం నుంచి వాడింది తంగేడు చెక్క, కరక్కాయలే కదా. ఇనప పంచ్ తప్పకపోతే తోలు పొడిగా ఉన్నప్పుడు కొట్టు. నీళ్ల గిన్నె కూడా ఇనపది వద్దు.

ఇక నీ అచ్చు సంగతి. తప్పు అచ్చుది కాదు, నువ్వు కొట్టిన సమయానిది. ముక్కలు కత్తిరించగానే, అతికించకముందు, కుట్టకముందు వేయాలి. పూర్తయిన పర్సులో కింద మూడు పొరలు, మడతలు, దారం ఎత్తుపల్లాలు ఉంటాయి, అచ్చు సమంగా ఎలా కూర్చుంటుంది? స్పాంజితో పైవైపు తడిపి అలాగే వదిలెయ్. ముందు ముదురు రంగుకి మారుతుంది, కాసేపటికి మళ్లీ దాదాపు మామూలు రంగుకొస్తుంది, కానీ చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంది. అదీ సమయం. పచ్చి తడి మీద కొడితే అంచులు మొద్దుబారతాయి, మరీ ఆరితే అచ్చు దిగదు. కింద మెత్తటిది ఏదీ ఉండకూడదు, కిచెన్ గట్టు వేసినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క చాలు.

సుత్తి అసలు వద్దు. రెండు దెబ్బలు ఒకేచోట పడేంత చెయ్యి నాకూ లేదు. ఆర్బర్ ప్రెస్ (పిడి లాగితే పైనుంచి నొక్కే చిన్న మిషను) ఉంటే మంచిదే, లేదంటే బల్లకి బిగించే మామూలు బెంచ్ వైస్ చాలు. తోలు వెనక ఒక చదునైన చెక్క, ముందు అచ్చు పెట్టి బిగించి పది సెకన్లు ఉంచి వదులు. జంట అక్షరాల గొడవే ఉండదు.

క్రోమ్ తోలు స్పాంజి లాంటిది, నొక్కిన చోట మళ్లీ లేస్తుంది. దాంతో కుస్తీ పట్టకు. చిన్న వెజ్ టాన్ ముక్క మీద అచ్చు వేసి, ఆ ముక్కని పర్సు లోపల కుట్టెయ్. హీట్ స్టాంప్ పెట్టి ఫాయిల్ వేసేవాళ్లూ ఉన్నారు, దానికి వేరే మిషను, వేరే ఖర్చు. బాగా తడిగా ఉన్న వెజ్ టాన్ మీద మాత్రం వేడి అచ్చు పెట్టకండి, ముడుచుకుపోతుంది. నాదొక బ్యాగు మూత అలాగే అప్పడం అయింది.

కిర్రుచెప్పులు

టెక్నికల్ సంగతులు పైన చెప్పేశారు. వేయాలా వద్దా అన్నదాని మీద నా మాట.

మా తాత ఊళ్లో చెప్పులు కుట్టేవాడు. కిర్రు చెప్పులు, వేసుకుని నడిస్తే వీధి చివరిదాకా వినపడేవి. ఆయన దేనిమీదా ఏ గుర్తూ వేయలేదు. ఎవరన్నా తెగిన చెప్పు తెస్తే చేతిలోకి తీసుకుని, బొటనవేలి ఉంగరం లోపల గోటితో తడిమేవాడు. అక్కడ ఆయన ఒక కుట్టు ఎక్కువ వేసేవాడు, అది వేలికి తగిలితే "మనదే" అనేవాడు. తగలకపోయినా కుట్టి ఇచ్చేవాడనుకోండి. ఏడాదికోసారి కల్లం దగ్గర గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు, అదే కూలి. ఊరు ఆయన్ని పేరుతో పిలిచింది తక్కువ, కులంతో పిలిచిందే ఎక్కువ. ఆయన చెప్పులు వేసుకుని తిరిగినవాళ్లలో ఎందరికి ఆయన పేరు తెలుసో నాకు అనుమానమే.

అందుకని "కనపడకుండా వెయ్యి, హుందాగా ఉంటుంది" అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. బాబాయ్‌తో గొడవ కాదు, ఆయన లెక్క ఆయనది. నేను బయటే వేస్తాను. చిన్నదే, పన్నెండు మిల్లీమీటర్లు, తాత పేరు మొదటి అక్షరం.

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా వాళ్లు అచ్చం కొల్హాపురి లాంటి చెప్పులు చూపించి ఊరి పేరు కూడా చెప్పకపోతే ఎంత గోల అయిందో చూశాం. తర్వాత వాళ్లే ఒప్పుకున్నారు, భారతీయ చెప్పుల స్ఫూర్తి అని. కొల్హాపురికి 2019లోనే జీఐ (ఫలానా ప్రాంతం సరుకు అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చింది, మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు. మన ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకీ జీఐ ఉంది. మంచిదే, కానీ జీఐ ఊరి పేరు నిలబెడుతుంది, కుట్టిన చెయ్యి ఎవరిదో చెప్పదు. ఆ రెండోది మనమే వేసుకోవాలి.

బెల్ట్‌బాబాయ్

తమ్ముడూ, నీ మాట కాదనలేను. నేను బయట వద్దన్నది అమ్మకం లెక్కలో. నువ్వు చెప్పేది వేరే లెక్క. వెయ్యి.

క్లాస్_పద్దెనిమిది

చట్టం సంగతి నాలుగు ముక్కలు, ఎవరూ అడక్కపోయినా. గుర్తు పక్కన టీఎం (ట్రేడ్ మార్క్) అని పెట్టుకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గుండ్రంలో ఆర్ మాత్రం రిజిస్టర్ కాకుండా వేయకూడదు, ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం అది తప్పు, జరిమానా పడుతుంది. అచ్చు చేసేవాళ్లు అందంగా ఉంటుందని డిజైన్లో పెట్టేస్తుంటారు, తీయించండి. రిజిస్ట్రేషన్‌కి సరుకుల్ని క్లాసులుగా విడదీస్తారు, పర్సులు, బ్యాగులు 18వ క్లాసు. నడుముకి కట్టే బెల్టులు, చెప్పులు 25వ క్లాసు, కాబట్టి రెండూ కావాలంటే రెండు ఫీజులు. వ్యక్తిగతంగా ఆన్‌లైన్లో వేస్తే క్లాసుకి 4,500 రూపాయలు, వస్తే పదేళ్లు ఉంటుంది, మళ్లీ రెన్యూ చేసుకోవచ్చు. అచ్చుకి డబ్బు పెట్టకముందే ట్రేడ్ మార్క్స్ సైటులో ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో వెతకండి, అది ఉచితం. ఇంకో మాట, ఒట్టి ఒక్క అక్షరానికి రిజిస్ట్రేషన్ రావడం కష్టం, ప్రత్యేకత లేదంటారు. పక్కన ఏదైనా బొమ్మ, గీత కలపండి.

ఇత్తడి_అచ్చు

తెలుగు అక్షరం అయితే ఇంకో జాగ్రత్త. ఒత్తులున్నవి వద్దు. "శ్రీ" పది మిల్లీమీటర్లలో వేయించి చూశాను, తోలు మీద నలిగిన ఈగలా పడింది. సందులు మరీ సన్నగా ఉంటే తోలు ఆ సందుల్లోకి లేవదు, అంతా కలిసిపోతుంది. గ, ర, ఠ లాంటివి హాయిగా పడతాయి.

చేయించడానికి రబ్బరు స్టాంపుల షాపులో అడుగు, లక్క సీళ్లు చేసేవాళ్లు ఇత్తడి మీద చెక్కుతారు. కానీ స్పష్టంగా చెప్పు, లక్క సీలులో అక్షరం లోపలికి ఉంటుంది, మనకి బయటికి ఉబ్బెత్తుగా ఉండాలి. అద్దంలో చూసినట్టు తిరగేసి ఉండాలి. తెలుగు రాని ఆయన దగ్గర చేయిస్తే మరీ జాగ్రత్త. నాకొకాయన తిరగేయకుండా మామూలుగానే చెక్కి ఇచ్చాడు, వేస్తే "ర" తలకట్టు అటు తిరిగింది. ఆ అచ్చు ఇప్పుడు పేపర్ వెయిట్.

గుంటూరు_కుట్టుపని

అందరికీ పేరుపేరునా థాంక్స్. మూడు వారాలు పట్టింది, ఏమైందో వచ్చి చెప్తున్నా.

సీళ్ల షాపు ఆయన చేత "గ" చెక్కించాను, కింద మూడు చిన్న గీతలు, కుట్లలాగా. ముందు సబ్బు ముక్క మీద ఒత్తి చూపించమన్నాను, సరిగ్గానే తిరిగింది. తర్వాత తుక్కు ముక్కల మీద పద్నాలుగు సార్లు వేశాను. మొదటి ఆరు తడి ఎక్కువై పాడయ్యాయి, చెంపకి ఆనించుకునే కిటుకు ఏడోదానికి గానీ అర్థం కాలేదు. వైస్ మా నాన్నది, తుప్పు దులిపి, ఇనుము తోలుకి తగలకుండా చుట్టూ చెక్కలు పెట్టాను.

చోటు విషయంలో మాత్రం కిర్రుచెప్పులు గారు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. పర్సుకి లోపల నోట్ల అర అంచున వేద్దామని గీతలు కూడా గీసుకున్నదాన్ని, చెరిపేసి బయట కుడివైపు కింది మూలన వేశాను. మూలకి మరీ దగ్గరైతే అంచు సాగుతోంది, అందుకని కుట్టుగీత నుంచి ఎనిమిది మిల్లీమీటర్లు వదిలాను. సంవత్సరం అంకె లోపల, పొడి తోలు మీదే.

మొదటిది హైదరాబాద్ వెళ్లింది. ఆయన మెసేజ్ పెట్టారు, "పర్సు చాలా బాగుందండీ, మూలన గుర్రపు నాడా కూడా భలే ఉంది, అదృష్టం కోసమా?" అని. అవునండీ అన్నాను.