బియ్యం ఎగుమతి మీద సుంకం మళ్ళీ వేయాలా? రైతుకు నష్టమా, నీళ్ళకు మేలా? (2025 డిసెంబర్ నాటి చర్చ)

యాసంగి (ఉప్పల్):
ఈ డిసెంబర్‌లో టీవీ పెడితే ఒకటే గోల, మన బియ్యం మీద అమెరికా ఇంకా సుంకం వేస్తుందట. 2025 ఆగస్టు 27న 50 శాతం ఎలాగూ వేసింది. 2024-25లో మన దేశం దాదాపు రెండు కోట్ల టన్నుల బియ్యం బయటికి పంపితే అమెరికాకు పోయింది మూడు లక్షల టన్నుల చిల్లర. అదీ ఎక్కువ బాస్మతీ, మనం పండించేది కాదు. మన వడ్లను దెబ్బ కొట్టింది ట్రంప్ కాదు, ఢిల్లీ. 2023 జూలైలో తెల్ల బియ్యం (పచ్చి బియ్యం) ఎగుమతి ఆపారు, ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం (వడ్లు ఉడకబెట్టి ఆడించేవి) మీద 20 శాతం సుంకం వేశారు. 2024 అక్టోబర్ దాకా పూర్తిగా ఎత్తలేదు. ఇప్పుడు కొందరు చదువుకున్నవాళ్ళు నీళ్ళు మిగలాలంటే ఆ సుంకం ఎప్పటికీ ఉండాలంటున్నారు. రైతు జేబు కొడితే బోరులోకి నీళ్ళు ఎట్లా వస్తాయో ఎవరైనా చెప్పండి.

మూసీ గట్టు (రాజేంద్రనగర్):
ఆ చదువుకున్నవాళ్ళలో నేనొకణ్ణి, చెప్తాను. భూగర్భ జలాల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కిలో వడ్లకు సుమారు 2,500 లీటర్ల నీళ్ళు కావాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ లెక్క. మన దగ్గర 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు. నీటికి ధర లేదు, తోడడానికి ఖర్చు లేదు, పండిన బియ్యం బెనిన్‌కూ టోగోకూ ఓడెక్కుతుంది. అంటే మన ఖజానా డబ్బుతో తోడిన నీళ్ళను బయటివాళ్ళకు చౌకగా పంపుతున్నాం. ఆ నీటికి ఎక్కడో ఒకచోట ధర కట్టాలి. పొలం దగ్గర మీటరు పెట్టే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు కాబట్టి ఓడరేవు దగ్గరైనా కట్టాలి.

ఆయకట్టు_మిర్యాలగూడ:
2,500 లీటర్లలో వాన ఎంత, బోరు ఎంత, తిరిగి భూమిలోకి ఇంకేది ఎంత? అన్నీ కలిపి "తోడాం" అంటే ఎట్లా సార్?

మూసీ గట్టు:
మంచి ప్రశ్న. వానాకాలంలో వాన వాటా ఎక్కువ. నేను అడిగేది యాసంగి (రబీ) పంట గురించి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మడిలో నిలబెట్టే నీళ్ళు ఎక్కడివి? కాలువ లేని ఊళ్ళో బోరువే.

ఆయకట్టు_మిర్యాలగూడ:
మాది సాగర్ ఎడమ కాలువ. 2023లో కృష్ణకు వరదే రాలేదు, మా భూములు బీడు పడ్డాయి. హైదరాబాద్ నల్లాలకు మాత్రం అదే సాగర్ నీళ్ళు ఆగలేదు. దాని మీద కూడా ఒక సుంకం పెట్టండి.

పద్మజ_ఎల్బీనగర్:
నల్లా బిల్లు మేం కడుతున్నాం అండీ. అన్నట్టు ఎగుమతి ఆపిన ఆ ఏడాది కూడా సన్న బియ్యం 25 కిలోల సంచి మా కాలనీలో ఒక్క రూపాయి తగ్గలేదు, పెరిగింది. ఆ సుంకం వల్ల బాగుపడింది ఎవరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

యాసంగి:
పద్మజగారు సరిగ్గా అడిగారు. తినేవాళ్ళకు తగ్గలేదు, పండించినవాళ్ళకు పెరగలేదు. మాది ఆలేరు దగ్గర. 2023 వానాకాలం పంట కల్లంలో ఉండగా మిల్లు మనిషి వచ్చి "డ్యూటీ పడింది, బయటికి పోవట్లేదు" అని క్వింటాకు రెండొందలు కోసాడు. పైగా తాలు పేరు చెప్పి తరుగు. మా నాన్న అడిగితే "ఢిల్లీని అడుగు" అన్నాడట.

మూసీ గట్టు:
మీవి సన్న వడ్లా, దొడ్డు వడ్లా?

యాసంగి:
సన్నాలు. ఎందుకు?

మూసీ గట్టు:
సుంకం పడింది ఉప్పుడు బియ్యం మీద. సన్నాలను పచ్చి బియ్యంగానే ఆడిస్తారు. కాబట్టి మీ మిల్లు మనిషి చెప్పింది అబద్ధం. మీకు కోత పెట్టింది సుంకం కాదు, మిల్లు.

యాసంగి:
అప్పుడు పచ్చి బియ్యం మీద ఏకంగా నిషేధమే పెట్టారు కద సార్. పేరు సుంకమైతే ఏంది, నిషేధమైతే ఏంది, వాడికి కావలసింది ఒక సాకు. ఆ సాకు ఇచ్చింది ఎవరు?

మూసీ గట్టు:
తేడా ఉంది. చర్చ సుంకం మీద. నిషేధాన్ని నేనూ సమర్థించను.

యాసంగి:
కల్లంలో నిలబడ్డవాడికి ఆ తేడా కనిపించదు.

మూసీ గట్టు:
కనిపించకపోయినా ఉంటుంది.

కొత్తగా_వచ్చా:
సన్నం, దొడ్డు తేలాక నన్ను లేపండి.

బేగంబజార్ లెక్కలు:
బియ్యం దలాలీలో ఉన్నవాణ్ణి, ఒక లెక్క వేస్తాను. ఉప్పుడు బియ్యం టన్ను 400 డాలర్లు, డాలరు 83 రూపాయలు అనుకుందాం. 20 శాతం అంటే టన్నుకు 6,640 రూపాయలు. క్వింటా వడ్లకు 68 కిలోల ఉప్పుడు బియ్యం వస్తుంది. భారమంతా రైతు మీదే పడితే క్వింటా వడ్లకు 450 రూపాయల దెబ్బ. కానీ అంతా పడదు. ప్రపంచ బియ్యం వ్యాపారంలో 40 శాతం దాకా మనదే. మనం ధర పెంచితే ఆఫ్రికా కొనుగోలుదారు వెంటనే ఇంకెక్కడికీ పోలేడు, కొంత వాడు మోస్తాడు. 2023 ఆగస్టులో ప్రపంచ బియ్యం ధరలు పదిహేనేళ్ళ గరిష్ఠానికి పోయింది అందుకే. మిగిలింది మిల్లు, రైతు పంచుకుంటారు. ఎవరికి బలం తక్కువో వాళ్ళకు ఎక్కువ వాటా. ఇక దొడ్డు వడ్లు ఐకేపీ కేంద్రంలో (మహిళా సంఘాలు నడిపే సర్కారు కొనుగోలు కేంద్రం) మద్దతు ధరకు పోతాయి కాబట్టి ఆ రైతుకు సుంకం సెగ నేరుగా తగలదు. మిల్లుకు నేరుగా అమ్ముకునే సన్న వడ్ల రైతుకే ఏ వార్త వచ్చినా మొదటి దెబ్బ.

మూసీ గట్టు:
నేను అనబోయేది మీరే అన్నారు. దొడ్డు వడ్ల రైతుకు సుంకం తగలకపోతే అతను వరి మానడు. అంటే 20 కూడా చాలదు.

బేగంబజార్ లెక్కలు:
నేను అన్నది అది కాదండీ. సుంకంతో నీళ్ళు మిగలవు అని. మద్దతు ధరకు వడ్లు కొన్నంత కాలం ఓడరేవు దగ్గర మీరు ఏం చేసినా నాటు ఆగదు. 2023లో వేసిన సుంకం ఇంకా ఉండగానే నాటిన పంట చూడండి. 2024 వానాకాలంలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి, 150 లక్షల టన్నులకు పైగా వడ్లు అని రాష్ట్ర ప్రభుత్వమే చెప్పుకుంది. అదీ గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ కుంగి పనికిరాకుండా ఉన్నప్పుడు.

ఆయకట్టు_మిర్యాలగూడ:
అంత పండిస్తే అమ్ముకునే దారి చూడాలి గానీ మూయడమేంది. ఫిలిప్పీన్స్ వాళ్ళు 2024లో దిగుమతి సుంకం 35 నుంచి 15కి తగ్గించారు, 2025 మార్చిలో కాకినాడ నుంచి మన ఎంటీయూ 1010 రకం బియ్యం మొదటి ఓడ పోయింది, 12,500 టన్నులు. సెప్టెంబర్ 1న వాళ్ళ రైతులకు ధర పడిపోతోందని దిగుమతే ఆపారు. వాళ్ళ ప్రభుత్వం వాళ్ళ రైతు కోసం తలుపు మూసింది. మన ప్రభుత్వం మన రైతు మీదే మూస్తుంది.

మూసీ గట్టు:
అది భావోద్వేగం. నీళ్ళ గురించి మాట్లాడండి. యాసంగి గారిని ఒకటే అడుగుతున్నాను. మీ బోరు ఎన్ని అడుగులు? పదేళ్ళ కింద ఎంత ఉండేది? కరెంటు రాగానే మోటారు దానంతట అదే నడిచే ఆటోస్టార్టర్ తీశారా? వరి మడిని తడిపి, ఆరనిచ్చి, మళ్ళీ తడిపే తడి-ఆరుతడి పద్ధతి ఎప్పుడైనా చేశారా? కంది, పెసర, పత్తి వేయొచ్చు కదా? వరి తప్ప ఏదీ వేయం, నీళ్ళు ఉచితం కావాలి, కరెంటు ఉచితం కావాలి, ఎగుమతి మీద చిల్లిగవ్వ పడకూడదు అంటే ఎలా?

యాసంగి:
రాజేంద్రనగర్‌లో కూర్చుని కంది వేయమనడం బాగుంటుంది సార్. సుంకాల గురించే కదా చర్చ, అదే చెప్తా. కంది దిగుమతి మీద సుంకం ఎంత? సున్నా. 2026 మార్చి దాకా మొజాంబిక్, మయన్మార్ కంది సుంకం లేకుండా దిగడానికి అనుమతి ఇచ్చారు. 2025-26లో కంది మద్దతు ధర క్వింటాకు 8,000, మార్కెట్‌లో అంతకన్నా బాగా తక్కువకు అమ్ముకున్నారు. పత్తి వేయమన్నారు కదా, పత్తి దిగుమతి మీద 11 శాతం ఉంటే 2025 ఆగస్టు 19న ఎత్తేశారు. మొదట సెప్టెంబర్ అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మా పత్తి ఏరే నెలలు. సీసీఐ (కేంద్రం పత్తి కొనుగోలు సంస్థ) దగ్గరికి పోతే తేమ 12 శాతం దాటింది, వెనక్కి తీసుకుపో అంటారు. ఆయిల్‌పామ్ వేయమని ఊరూరా తిరిగి చెప్పారు, 2025 మే నెలాఖరులో ముడి పామాయిల్ మీద సుంకం 20 నుంచి 10కి దించారు. నీళ్ళు తక్కువ తాగే పంట వేసినవాణ్ణి దిగుమతితో కొట్టి, నీళ్ళు ఎక్కువ తాగే పంట వేసినవాణ్ణి ఎగుమతి సుంకంతో కొడితే వాడు ఎక్కడికి పోవాలి? ఆ రెండిట్లో వరికి కనీసం ఐకేపీ కేంద్రం ఉంది. అందుకే వరి.

పద్మజ_ఎల్బీనగర్:
కంది పప్పు ధర ఎందుకు తగ్గిందో ఇప్పుడు తెలిసింది. నాకు సంతోషపడాలో బాధపడాలో తెలియట్లేదు.

మూసీ గట్టు:
పప్పు మీద సుంకం వేయమంటే పద్మజగారి లాంటివాళ్ళు ఊరుకుంటారా? నేను వద్దనలేదు, వేయమనే అంటాను. కానీ కంది మీద పడేదాకా వరి మీద వద్దు అనడం సాకు. 2021 చివర్లో ప్రభుత్వం యాసంగిలో వరి వద్దంటే ఎంత గొడవ చేశారో గుర్తుంది. ఉప్పుడు బియ్యం ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) తీసుకోనంటే 2022 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే ఢిల్లీ వెళ్ళి ధర్నాకు కూర్చున్నారు. మార్పు అనగానే రోడ్డెక్కడం అలవాటైంది.

యాసంగి:
యాసంగి వడ్లు ఎండకు పగిలి పచ్చి బియ్యం ఆడిస్తే నూకలవుతాయి కాబట్టి ఉప్పుడు బియ్యం. అది అలవాటు కాదు, ఎండ. శాఖలో పనిచేసినాయన, ఇంత చిన్న సంగతి తెలియదా?

మూసీ గట్టు:
మాట జాగ్రత్త తమ్ముడూ. నీ పుట్టుకకు ముందు నుంచి బోర్లు కొలిచాను. నాకూ జనగామ దగ్గర ఆరెకరాలు ఉంది, పొలం ఎట్లా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కరలేదు.

యాసంగి:
సరే. ఆ ఆరెకరాల్లో ఇప్పుడు ఏం పంట?

మూసీ గట్టు:
కౌలుకిచ్చాను. వాళ్ళు వరి వేస్తారు.

కొత్తగా_వచ్చా:
లేచాను.

యాసంగి:
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత టైపు చేసేవాణ్ణి కాదు. మాదీ కౌలే సార్. మా నాన్న చేసే నాలుగెకరాల్లో ఒక ఎకరమే మాది. మా ఊళ్ళో కౌలు రేటు దేని మీద ఉంటుందో మీకు తెలుసు. బోరులో నీళ్ళుంటే ఒక రేటు, లేకపోతే అందులో సగం కూడా రాదు. ఉచిత కరెంటు లాభం మాకు అంటున్నారు, అది నేరుగా కౌలులో కలిసిపోతుంది. రైతుబంధు వచ్చినన్నాళ్ళూ పట్టా ఉన్నవాళ్ళ ఖాతాలో పడింది. బోరు మోటారు కాలితే బాగు చేయించేది మేం. సుంకం పడి క్వింటాకు రెండొందలు పోతే కౌలులో పైసా తగ్గదు. నష్టం మొత్తం ఒక్కడి మీద పెట్టి, నీళ్ళు కాపాడే పుణ్యం మాత్రం మీ ఖాతాలో వేసుకుంటారా?

మూసీ గట్టు:
కౌలు ఇక్కడ అప్రస్తుతం. వరికైతేనే ఆ కౌలు ఇస్తామన్నది వాళ్ళే. నేను బలవంతం చేయలేదు.

యాసంగి:
అప్రస్తుతం ఎట్లా అవుతుంది? అసలు సంగతే అది. కంది ఎకరానికి నాలుగు క్వింటాళ్ళు వస్తే మద్దతు ధరకే అమ్ముకున్నా 32,000. వరి 24 క్వింటాళ్ళు, 2,369 చొప్పున 56,000 పైన. మీ కౌలు ఆ 56,000 చూసి పెట్టింది. మేం కంది వేయాలంటే మొదట తగ్గాల్సింది మీ కౌలు.

ఆయకట్టు_మిర్యాలగూడ:
ఇది మాత్రం నిజం. మా కాలువ కింద కూడా అంతే, నీళ్ళు వదులుతారని పేపర్లో రాగానే కౌలు పెరుగుతుంది.

మోడరేటర్:
పుట్టుకలు, ఉద్యోగాల దాకా వెళ్ళకండి. సుంకం మీద మాట్లాడండి, లేదంటే తాళం వేస్తాను.

బేగంబజార్ లెక్కలు:
ఎగుమతి సుంకం 10 శాతం పెట్టి, ఆ వచ్చిన డబ్బుతో వరి మానినవాళ్ళ కందిని మద్దతు ధరకు కొంటే? ఇద్దరూ ఒప్పుకుంటారా?

మూసీ గట్టు:
ఒప్పుకుంటాను. కొనేది వరి మానిన బోరు పొలాల్లో పండిందే అని రుజువు ఉండాలి.

యాసంగి:
ఒప్పుకోను. సుంకం ఈ సీజన్ నుంచే వసూలవుతుంది, కంది కొనుగోలు కేంద్రం ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. ముందు రెండు సీజన్లు కంది కొని చూపించమనండి, ఆ తర్వాత బియ్యం మీద ఎంతైనా వేసుకోండి. ఇంకోటి, ఆ రుజువు పట్టాదారు పేరు మీద ఉంటుందా, కౌలుదారు పేరు మీదా?

మూసీ గట్టు:
రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళది.

యాసంగి:
అంటే మీది.

బేగంబజార్ లెక్కలు:
మూసీ గట్టు గారూ, అడుగుతున్నందుకు ఏమనుకోకండి. వచ్చే యాసంగికి మీ ఆరెకరాల్లో రెండెకరాలు కంది లాంటి ఆరుతడి పంటకు ఇచ్చి, ఆ రెండిటికీ కౌలు సగం చేస్తారా?

మూసీ గట్టు:
కౌలుదారు అడిగితే ఆలోచిస్తాను. ఇంతవరకు అడగలేదు.

యాసంగి:
కౌలు తగ్గించమని అడిగినవాడికి మరుసటేడు భూమి ఇస్తారా సార్? మా ఊళ్ళో ఇవ్వరు.