మొత్తం, సగం, దూరం: ఒక్క బ్రాకెట్‌కు సున్నా వేస్తారా?

చంద్రగిరి_నాన్న: పాప ఎనిమిదో తరగతి. ప్రశ్న ఇది: ‘ట్రెపీజియం సమాంతర భుజాల మొత్తాన్ని వాటి మధ్య దూరంతో గుణించి సగం చేస్తే వైశాల్యం. సూత్రంగా రాయుము.’ పాప ½ × హెచ్ × ఎ + బి అని రాసింది. సున్నా వేసినారు. అంకెలిస్తే నోటితోనే చెప్తాది. న్యాయమేనా?

మిట్టూరు_లెక్కలు: న్యాయమే. ఎ 60, బి 40, హెచ్ 24 వేసి చూడన్నా. పాప సూత్రానికి 760 వస్తాది. రావాల్సింది 1200. ‘మొత్తాన్ని’ అనే మాటే బ్రాకెట్.

సన్నిధి_వీధి: తెలుగులో గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన లెక్కలు పద్యాల్లోనే చెప్పినాడు. బ్రాకెట్లు యాడుండాయి?

మిట్టూరు_లెక్కలు: మాటల లెక్కతో మేం మునిగినాం సామీ. మా నాయన స్థలం కొంటే, కొలిచినాయన ‘ఎదురెదురు భుజాలు కూడి సగం చేసి, రెంటినీ గుణించు’ అన్నాడు. 60, 40 సమాంతరం, పక్కవి రెండూ 26. యాభై ఇరవయ్యారులు 1300 చదరపడుగులకు దుడ్డు కట్టినాం. నిలువు దూరం 24 అడుగులే, ఉండేది 1200. ఇట్లా కట్టేదాన్ని పాతకాలం గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు 628లోనే స్థూల లెక్క, అంటే ఉజ్జాయింపు, అన్నాడు!

చంద్రగిరి_నాన్న: దాంట్లో బ్రాకెట్ తప్పు యాడుంది? పైన మాటే బ్రాకెట్ అంటివి, ఇప్పుడు మాటే ముంచింది అంటివి.

రేణిగుంట_జంక్షన్: టీ తాగి రండప్పా ఇద్దరూ.

మిట్టూరు_లెక్కలు: నోటితో వస్తాదిలే అనే అమ్మానాయనలతోనే చిక్కంతా. ‘మొత్తాన్ని’ అని అంత స్పష్టంగా ఉంటే...

చంద్రగిరి_నాన్న: యాడుంది స్పష్టంగా? పేపరు ఇంగ్లీషులో వచ్చింది, మీకోసం నేను తెలుగు చేసినా. దాంట్లో ఉండేది ‘సమ్ ఆఫ్’. మా పాపకు సమ్ అంటే లెక్క. సమ్స్ చేస్తాండా అంటాది రోజూ.

మిట్టూరు_లెక్కలు: ఇది మొదటే చెప్పాల కదన్నా! సరే, హెచ్ అంటే ఏందో పాపనడుగు.

చంద్రగిరి_నాన్న: అడిగినా. హైటు అనింది. బొమ్మలో చూపించమంటే ఏటవాలు గీత మీద వేలు పెట్టింది.

మిట్టూరు_లెక్కలు: మా స్థలం కొలిచినాయన టేపు పట్టిందీ ఆ గీత మీదనే.